నందికొట్కూరు ల్యాబులో పట్టపగలు రాత్రి

జిల్లా గ్రంథాలయంలో ఫ్యాను కింది కుర్చీ దొరికితే చాలు, ఆ పూటకు రాజ్యం దొరికినట్టే అనుకునే వయసు నాకూ ఒకటుండేది. కర్నూలు ఎండలు తెలిసినవాళ్లకు ఆ కుర్చీ విలువ విడమరచి చెప్పనక్కర్లేదు. లోకమంతా ఫోన్లలోనే సకల విద్యలూ నేర్చుకుంటున్న కాలమే అది, మరీ పాత కాలమేమీ కాదు. కానీ మా ఇంటికంతా ఉన్నది ఒకటే ఫోను. అది మా నాయన చొక్కా జేబులో కోడుమూరు చేలల్లో తిరుగుతుండేది. అందువల్ల నా చదువు కాగితం మీదే సాగింది. డిగ్రీ మొదటి ఏడాదితో కాలేజీ మానేశాను (నేను మానలేదు, ఇంటి పరిస్థితి మాన్పించింది). చదవడం మాత్రం మానలేదు. గ్రంథాలయంలో ఎలక్ట్రానిక్స్ అర మొత్తం వరసగా చదివేశాను. అర్థమైన పుస్తకాలు ఒకసారి, అర్థం కానివి రెండుసార్లు, బొత్తిగా అర్థం కానివి అట్ట నలుగురికీ కనబడేలా నిలబెట్టి మరీ చదివేదాన్ని. వాటిలో పాత రేడియోలు బాగుచేయడం గురించిన పుస్తకం ఒకటి ఉండేది. దాని మధ్య పేజీలు కొన్ని నాకన్నా జ్ఞానదాహం ఎక్కువైన వాళ్లెవరో చింపుకుపోయారు. మిగిలిన పేజీలు నాకు దాదాపు కంఠతా వచ్చు. లైబ్రరీ సార్ నన్ను చూడగానే "వచ్చినావా సైంటిస్టూ" అనేవారు. అందులో వెటకారం పాలు ఎంతో నాకు అప్పట్లో తెలియదు, మెచ్చుకోలు మాత్రం పూర్తిగా వినబడేది.

నా ఉద్యోగం కర్నూలు పాతబస్తీలో ఒక ఎలక్ట్రికల్ కొట్లో బిల్లులు రాయడం. యజమానిని ఊరంతా శెట్టిగారనేది, నేనూ అంతే. మోటారు స్టార్టర్లు, వైర్లు, స్విచ్చులు తరతరాలుగా అమ్ముతున్న వంశం. ఆయన మంచివాడు, భక్తిపరుడు. కొట్లో బొట్టు లేని వస్తువంటూ ఉండేది కాదు. గల్లాపెట్టెకు బొట్టు, తూకం మిషనుకు బొట్టు, కంప్యూటరుకు నుదుటా రెండు చెంపలా బొట్లు. ప్రతి శుక్రవారం గంధం గిన్నె, కుంకుమ పొట్లం పట్టుకొని వరసగా పెట్టుకుంటూ వచ్చి, నా కుర్చీ దగ్గరికి రాగానే చిన్నగా దగ్గి పక్కకు తప్పుకొని ముందుకు పోయేవారు. (మాది చర్చికి పోయే కుటుంబమని ఆయనకు తెలుసు. ఆ దగ్గులో ఎంత మర్యాద ఉండేదో!) పూజ అయ్యాక పుట్నాలు, బెల్లం మాత్రం నాకే ముందు పెట్టేవారు. నేనూ ఏ మొహమాటం లేకుండా తినేదాన్ని.

శెట్టిగారికి ఒక రోజు ఒక ఆలోచన వచ్చింది. చుట్టుపక్కల పాలిటెక్నిక్‌లు, కాలేజీలు పిల్లలకు నేర్పడానికి మైక్రోకంట్రోలర్ కిట్లు హైదరాబాదు నుంచి తెప్పించుకుంటున్నాయి గదా, మనమే తయారుచేసి ఎందుకు ఇవ్వకూడదని. మైక్రోకంట్రోలర్ అంటే వేలిగోరంత కంప్యూటర్. ఒక బోర్డు మీద కూర్చొని, మనం రాసిచ్చిన ప్రోగ్రాము ప్రకారం దీపాలు వెలిగిస్తుంది, మోటారు తిప్పుతుంది, వేడినీ వెలుతురునూ కొలుస్తుంది. మూడు కంపెనీల బోర్డులు తెచ్చి, వాటికి సెన్సర్లు, దీపాలు జతచేసి పెట్టెలో అమర్చే పని సోల్డర్ మామకు అప్పజెప్పారు. సోల్డర్ మామ కొట్టు వెనక గదిలో స్టార్టర్లు బాగుచేసే పెద్దాయన. నన్ను బేటీ అనేవాడు. ఆయన అతికించిన అతుకు ఆయన అనుమతి లేకుండా ఊడేది కాదు. ఇక మిగిలింది ఒక్కటే. పిల్లలు చూసి నేర్చుకోవడానికి ఉదాహరణ ప్రోగ్రాములు కావాలి. అవి లేకపోతే కిట్టు ఉత్త ప్లాస్టిక్ పెట్టె. "వాటిని ఎవరు రాస్తారప్పా" అని శెట్టిగారు గాలిని అడిగారు. గాలి జవాబు చెప్పేలోపల నేను చెప్పాను. "నేను రాస్తా శెట్టిగారూ."

అప్పటికి నేను ఒక బోర్డును చేత్తో తాకింది లేదు. పుస్తకాల్లో బొమ్మలు చూశాను, అంతే. కానీ ఈత పుస్తకం చదివినవాడికి కేసీ కెనాల్ మోకాలి లోతే అనిపిస్తుంది గదా.

దిగాక లోతు తెలిసింది. మనం రాసే ప్రోగ్రాము మనుషులు చదవగలిగే మాటల్లో ఉంటుంది. దాన్ని బోర్డు నమలగలిగే అంకెలుగా మార్చాలి. ఆ మార్చడాన్నే బిల్డ్ చేయడమంటారు. చిక్కేమిటంటే ఏ బోర్డు నోరు దానిదే. మా దగ్గరున్నవి నీలం బోర్డు, నల్ల బోర్డు, అగ్గిపెట్టెంత చిన్న బోర్డు. ఒకే ఉదాహరణ మూడింటి మీదా నడవాలి. అదీగాక ఒక కాలేజీలో ఒక రకం కంప్యూటర్లుంటే, ఇంకో కాలేజీలో ఇంకో రకం. ఎక్కడ బిల్డ్ చేసినా ఒకేలా రావాలి. ఇది ఒకే జొన్నపిండితో కట్టెల పొయ్యి మీద, గ్యాసు మీద, కరెంటు పొయ్యి మీద ఒకే రకం రొట్టె కాల్చడం లాంటిది. ఒకదాని మీద పొంగుతుంది, ఒకదాని మీద మాడుతుంది, మూడోదానికి అసలు పిండే నచ్చదు. మా అమ్మకు ఇలా వివరించి చెబితే, మూడు పొయ్యిలు పెట్టుకున్న వాళ్లది తప్పుగానీ రొట్టెది ఏం తప్పుందని అడిగింది.

మొదటి ఉదాహరణ అన్నిటికన్నా సులువైనది. చిన్న దీపం ఒకటి వెలిగి ఆరుతుండాలి. నీలం బోర్డు మీద చక్కగా వచ్చింది. చిన్న బోర్డుకు వెలగమని చెబితే ఆరింది, ఆరమంటే వెలిగింది. ఒక రోజంతా తల బద్దలుకొట్టుకున్నాక తేలిందేమిటంటే, ఆ బోర్డులో దీపానికి తీగలు కలిపిన తీరే అటూ ఇటూ. కరెంటు ఆపితే వెలిగేలా కట్టారు దాన్ని. సోల్డర్ మామ దాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి చూసి, "ఇది మా అల్లుని మాదిరి ఉండాది బేటీ. కూసోమంటే నిలబడతాడు, తినమంటే లేస్తాడు. పరేషాన్ గావద్దు, ఉల్టా చెప్పు, సీదా చేస్తాది" అన్నాడు. అలాగే చేశాను. ఏ బోర్డు స్వభావం ఏమిటో ఒక చోట విడిగా రాసిపెట్టి, మిగిలిన ప్రోగ్రామంతా అన్నిటికీ ఒకటే ఉండేలా కుదిర్చాను.

నా గర్వమంతా చివరి ఉదాహరణ మీద. దాని పేరు 'చీకటి పడితే దీపం'. సెన్సర్ అనే చిన్న కన్ను వెలుతురును చూస్తుంది, చీకటి పడగానే బోర్డు దీపం వెలిగిస్తుంది. ఇక్కడా బోర్డులది ఒకే మాట కాదు. అదే వెలుతురును నీలం బోర్డు సున్నా నుంచి వెయ్యి చిల్లర దాకా లెక్కపెడితే, నల్లది నాలుగువేల చిల్లర దాకా లెక్కపెడుతుంది. ఒకరు శేర్లలో, ఒకరు కిలోల్లో కొలిచినట్టు. నేను అన్నిటినీ నూటికి ఎంత అనే లెక్కలోకి తెచ్చేశాను. అది కుదిరిన రోజు మూడు బోర్డులనూ బల్ల మీద వరసగా పెట్టి, చేత్తో కమ్మితే మూడు దీపాలూ ఒక్కసారి వెలిగాయి, చెయ్యి తీస్తే ఒక్కసారి ఆరాయి. సోల్డర్ మామ చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి మరీ చూశాడు. ఆయన టీ పక్కన పెట్టడం నేను చూసింది అదే మొదటిసారి.

శెట్టిగారి మనసు మాత్రం తక్కెడలా ఊగుతుండేది. నందికొట్కూరులో ఒక కాలేజీ వాళ్లు కిట్లు చూస్తామన్నారు. అన్ని ఉదాహరణలూ వాళ్ల ల్యాబులో, వాళ్ల కంప్యూటర్ల మీద, వాళ్ల కళ్ల ముందే బిల్డ్ చేసి చూపించాలి. ముందురోజు సాయంత్రం ఆయన నన్ను పిలిచి, కోపం లేకుండానే, సరుకు నాణ్యం చెప్పినట్టు చెప్పారు. "సూడు పాపా, నువ్వు శానా కష్టపడినావు, కాదనను. రేపు ఆడ బాగా జరిగిందంటే ఈ బోర్డుల పని నీదే. జరగలేదంటే బెంగళూరు నుంచి ఇంజనీరును పిలిపిస్తా. నువ్వు మళ్లా బిల్లులు రాసుకుందువు." బిల్లులు రాయడం పాపమేమీ కాదు. కానీ వెనకగదిలో ఆ బల్ల, ఆ మూడు బోర్డులు, సోల్డర్ మామ గుసగుసలు, పుస్తకంలో చదివింది చేతి కింద కదలడం, ఇవన్నీ రుచి చూశాక 'రెండు డజన్ల స్విచ్చులు, ఒక చుట్ట వైరు' అని రాసే కుర్చీలోకి తిరిగిపోవడం నావల్ల కాదు.

మర్నాడు కోడుమూరు బస్సు నన్ను కొంచెం ఆలస్యంగా దింపింది. పరుగెత్తుకుంటూ కొట్టుకు వచ్చేసరికి శెట్టిగారు మంచి ఘడియ దాటిపోకుండా కిట్లకు పూజ ముగించి, పెట్టెలు ఆటోలో ఎక్కించేసి, ముందు సీట్లో కూర్చొని ఉన్నారు. నా చేతిలో ఇంత పుట్నాల ప్రసాదం పెట్టారు. వెనక సీట్లో సోల్డర్ మామ ఒడిలో పెట్టెలను చంటిపిల్లల్లా పట్టుకున్నాడు. దారి పొడవునా నేను ఉదాహరణలను మనసులో అప్పజెప్పుకుంటూనే ఉన్నాను.

ల్యాబులో మేడం ఒకరు ఎదురుచూస్తున్నారు. నేత చీర, మెడలో కళ్లజోడు తాడు, తక్కువ మాటలు. చుట్టూ పిల్లలు. సగం కంప్యూటర్లు ఒక రకం, సగం ఇంకో రకం, అన్నిటికీ దసరా నాటి బొట్లు వెలిసిపోయి ఉన్నాయి. నేను పెట్టెలు తెరిచి, బోర్డులు తగిలించి, పెన్‌డ్రైవులో తెచ్చినవి ఎక్కించి, గొంతు సవరించుకొని మొదలుపెట్టాను. చర్చిలో వాక్యం చదివే అలవాటువల్ల నా గొంతుకు భయం తెలియదు. మొదటి మాటల్లోనే, బిల్డ్ చేసిపెట్టే కంపైలర్‌ను 'కాంపిలర్' అన్నాను. (పుస్తకంలో చదవడమేగానీ ఎవరైనా పలకగా విని ఎరుగను.) వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. మేడం మాత్రం నవ్వలేదు. తర్వాత తను మాట్లాడేటప్పుడు ఆ మాటను సరిగ్గా, నిదానంగా పలికి ఊరుకున్నారు. ఆ క్షణంలో ఆమెకు నేను సగం అమ్ముడుపోయాను.

ఒక్కో ఉదాహరణ బిల్డ్ అవుతూ పోయింది. ఈ కంప్యూటరు మీద, ఆ కంప్యూటరు మీద, నీలం, నల్ల, చిన్న బోర్డులకు వరసగా. దీపం మిణికింది, బజరు మోగింది, బటన్ నొక్కితే చిన్న మోటారు తిరిగింది, వేడి కొలిచే ఉదాహరణ నందికొట్కూరు ఎండను ఏ మొహమాటం లేకుండా తెర మీద చూపించింది. శెట్టిగారు గోడవార కుర్చీలో కూర్చొని, ఒక్కోటి నడిచినప్పుడల్లా కండువా ఒక మడత సర్దుకుంటున్నారు. నాకు ఊపు వచ్చింది. చివరిది మిగిలింది, నా మకుటం. ఈ ఉదాహరణ పగలు దీపం ఆర్పి ఉంచుతుందని, చేత్తో కమ్మితేనే వెలుగుతుందని, మూడు వేర్వేరు లెక్కలను ఒక్క లెక్కలోకి ఎలా తెచ్చానో గమనించాలని చిన్నపాటి ఉపన్యాసం ఇచ్చి, బోర్డులను కిటికీ పక్కన ఎండలో పెట్టి నడిపించాను.

చిన్న బోర్డు దీపం బుద్ధిగా ఆరి ఉంది. నీలం, నల్ల బోర్డుల దీపాలు మాత్రం భగ్గున వెలిగి కూర్చున్నాయి.

ఎండ కిటికీలోంచి బల్ల మీద పడి కళ్లు జిగేల్‌మంటున్నాయి. ఆ ఎండలో నా దీపాలు రాత్రయిందని వెలుగుతున్నాయి. వెనక బెంచీ నుంచి ఒకడు ఎంతో వినయంగా లేచి, "మేడం, రాత్రయింది, ఇంటికి పోదామా?" అన్నాడు. ల్యాబంతా గొల్లుమంది. మేడం చెయ్యెత్తితే ఆగింది. "తొందర లేదమ్మా, చూసుకో" అన్నారు నాతో. తొందర లేదన్న మాట వినగానే నాకు ఉన్న తొందరంతా తెలిసొచ్చింది. నా అనుమానం తిన్నగా నేను గర్వపడ్డ చోటికే పోయింది. నూటికి ఎంత అనే లెక్కలోనే ఎక్కడో పప్పులో కాలేసి ఉంటాను. తెరిచి చూశాను, సరిగ్గానే ఉంది. అయినా కెలికాను. మళ్లీ బిల్డ్ చేశాను. పగలు రాత్రిగానే ఉంది. వేరే రకం కంప్యూటర్ మీద బిల్డ్ చేశాను, ఆ కంప్యూటర్‌కూ రాత్రే. ఈలోగా నోరు ఊరుకోదు కదా, ఒక్కో బోర్డు ఎన్ని బిట్ల లెక్క చేస్తుందో, అందువల్ల ఏమేం జరగవచ్చో గడగడా చెప్పేస్తున్నాను. గ్రంథాలయంలోని అర మొత్తం వాళ్ల మీద దొర్లించాను. ఒక్క దీపమూ ఆరలేదు.

శెట్టిగారు కుర్చీలోంచి లేచి నా పక్కకు వచ్చారు. ముఖం చెమటలు పట్టి ఉంది. మెల్లగా, ఎవరికీ వినబడకుండా, "మంచి ఘడియ సూసుకొని పూజ జేసుకొని వస్తిమి గదమ్మా. ఎందుకిట్లాయ?" అన్నారు. పాపం, ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. బెంగళూరు ఇంజనీరు ఎవరో రైలు దిగి, నా బల్ల దగ్గర నా కుర్చీ వెనక్కి జరిపి కూర్చుంటున్నట్టు కనబడింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ రేడియో పుస్తకం. రేడియో పలకనప్పుడు బుర్రతో వాదించడం మానేసి, పలికే రేడియోలో భాగం తీసి పలకని దానిలో పెట్టి చూడమని అందులో ఉంది. రోగం భాగంతోపాటు నడిచి వస్తే రోగి ఎవరో తెలిసిపోతుందన్నమాట. దాని తర్వాతి పేజీలే చినిగిపోయాయి, కానీ నాకు అక్కడిదాకా చాలు. చిన్న బోర్డు నుంచి సెన్సర్ ఊడదీశాను, నీలం బోర్డు సెన్సర్ తీసి పక్కన పెట్టి, దీన్ని అక్కడ తగిలించాను. నీలం బోర్డు దీపం టక్కున ఆరింది. నీలం బోర్డు సెన్సర్‌ను తీసుకెళ్లి చిన్న బోర్డుకు తగిలించాను. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న చిన్న బోర్డు రాత్రయిందని దీపం వెలిగించింది. నేను వెనక్కి తిరిగి, తీర్పు చదివే జడ్జిలా చెప్పాను. "ప్రోగ్రాముది తప్పు లేదు మేడం. మూడు బోర్డుల్లో దేనిదీ తప్పు లేదు. తప్పు ఈ కంటిది."

"ఏమయింది కంటికి?" అన్నారు మేడం.

ఆ ప్రశ్న నేనూ వేసుకోలేదు. సెన్సర్‌ను వేళ్ల మధ్య పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూశాను. మెరవాల్సిన చిన్న గుండ్రటి కన్ను మెరవడం లేదు. దాని మీద చక్కగా, గుండ్రంగా, గంధం మీద కుంకుమ. ఎండి గట్టిపడి, మూతలా పట్టేసింది. నల్ల బోర్డు సెన్సర్‌కూ అదే. చిన్న బోర్డు సెన్సర్ ఒక్కటీ తీగల గుబురు కింద దాక్కొని బొట్టు తప్పించుకుంది. ఇంతసేపూ ఆ రెండు ఎర్రటి చుక్కలు మా అందరి ముందే ఉన్నాయి. పెట్టెలు తెరిచింది నేనే, తగిలించింది నేనే. ల్యాబులో అన్ని కళ్లూ వాటి మీదే ఉన్నాయి. ఒక్కరికీ కనబడలేదు. కనబడదు మరి. మా కొట్లో బొట్టు ఉన్న వస్తువు ఎవరి కంటా పడదు, బొట్టు లేనిదే పడుతుంది. ఆ ల్యాబులోనూ అంతే, కంప్యూటర్లు సైతం బొట్లతోనే ఉన్నాయాయె. శెట్టిగారు ఉదయం గంధం గిన్నెతో బోర్డు ముందు నిలబడి, దీని ముఖం ఏదా అని వెతికి, పైకి చూస్తున్న ఆ ముద్దొచ్చే గుండ్రటి పూసను చూసి, ఇదే అనుకున్నారు. ఆయన అనుకున్నదీ నిజమే. బోర్డంతటిలో మనిషి ముఖంలా కనబడేది అదొక్కటే.

మామూలుగా అయితే గోటితో గీకి పారేసే పని. నా చెయ్యి లేవలేదు. ఒకరు భక్తితో పెట్టిన బొట్టును నేను తుడవకూడదు, అందులోనూ నేను. మా అమ్మ నాకు అక్షరాలకన్నా ముందు నేర్పిన సంగతి అది. ఆ పైన ఎదురుగా సరుకు కొనబోయేవాళ్లు, పక్కన పెద్దాయన, అందరి ముందూ ఆయన పూజ వల్లే చెడిందని ఏ నోటితో చెప్పను? చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది, చెబితే ఆయన మాట పోతుంది. చివరికి సెన్సర్‌ను అరచేతిలో పెట్టుకొని ఆయన ముందు పట్టి, మెల్లగా అన్నాను. "శెట్టిగారూ, మీరే ఒకసారి చూడండి. దీనికి వెలుతురు ఈ పూస లోంచే పోవాల."

ఆయన వంగి చూశారు. కళ్లజోడు సర్దుకొని మళ్లీ చూశారు. ఆ కాస్తసేపట్లో నేను మనసులో బిల్లుల పుస్తకం తెరిచి తేదీ కూడా వేసేశాను. ఆయన భుజాలు కదిలాయి. తర్వాత కడుపు కదిలింది. ఆ తర్వాత ల్యాబు కిటికీలు అదిరేలా నవ్వారు.

"ఓరి దేవుడా, బొట్టు నొసట పెట్టాల్సింది గదా, నేను కంట్లో పెడ్తిని. దీనికి పగలేందో రాత్రేందో ఎట్ల తెలుస్తాది పాపం?"

ఇంక ఎవరికీ మొహమాటం మిగల్లేదు. మేడం కూడా కళ్లజోడు తీసి నవ్వారు. శెట్టిగారు తన కండువా చెంగు తడిపి, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు ఆ రెండు కళ్లనూ తనే తుడిచారు. జేబులో కుంకుమ పొట్లం ఉండనే ఉంది. "యాడ పెడ్తే దీనికి ఇబ్బంది ల్యాదో నువ్వే చూపిచ్చు" అన్నారు. నేను బోర్డు మూలన, ఏ తీగా పోని చోటు వేలు పెట్టి చూపించాను. అక్కడ పెట్టారు. సెన్సర్లు తగిలించాను. నందికొట్కూరులో తెల్లవారింది. మూడు దీపాలూ ఆరిపోయాయి. సోల్డర్ మామ అరచేతితో ఒకేసారి మూడింటినీ కమ్మాడు, మూడూ వెలిగాయి. ఇంటికి పోదామన్న కుర్రాడే అందరికన్నా ముందు లేచొచ్చి, తనూ కమ్మి చూస్తానన్నాడు. ఆ తర్వాత ల్యాబులో ప్రతి ఒక్కరూ చెయ్యి పెట్టి చీకటి చేసి, చెయ్యి తీసి తెల్లవార్చారు.

మేడం నన్ను ఒక ప్రశ్న అడిగారు. కన్ను మూసుకుపోతే పిల్లలకు ఎలా తెలుస్తుంది, అన్నిసార్లూ నువ్వు ఉండవు కదా అని. సెన్సర్‌కు ఏం కనబడుతోందో ఆ అంకెను ఉన్నదున్నట్టు తెర మీద చూపించే చిన్న ఉదాహరణ ఒకటి అన్నిటికన్నా ముందు ఉంటే బాగుంటుందని తనే సూచించారు. "ఇప్పుడే రాస్తాను మేడం" అన్నాను. (ఆ వయసులో నా నోటికి 'రేపు' అనే మాట వచ్చేది కాదు.) పిల్లలంతా నా వెనక మూగి, భుజాల మీదుగా తొంగి చూస్తుండగా అక్కడికక్కడే రాశాను. ఒక రకం కంప్యూటర్ మీద బిల్డ్ చేశాను. నీలం బోర్డు, సరే. నల్ల బోర్డు, సరే. చిన్న బోర్డు, సరే. రెండో రకం కంప్యూటర్‌కు మారాను. మళ్లీ మూడూ సరే. ఒక్క తప్పు లేదు, ఒక్క హెచ్చరిక లేదు. ఇంట్లో అమ్మ ఒంటిగా కాల్చిన రొట్టె పొంగడం వేరు, పెళ్లివారి ముందు మూడు పొయ్యిల మీదా ఒకేసారి పొంగడం వేరు. వెనక బెంచీ వాళ్లు బల్లలు చరిచారు. యాడ చదువుకున్నావమ్మా అని మేడం అడిగితే, "జిల్లా గ్రంథాలయంలో" అని, ఏదో విశ్వవిద్యాలయం పేరు చెప్పినంత ఠీవిగా చెప్పాను. ఆమె నవ్వకుండా తలూపారు. కిట్లు తీసుకుంటున్నామని శెట్టిగారితో చెప్పారు.

తిరుగు ప్రయాణంలో శెట్టిగారు ఊరు దాటాక, ఎవరితోనో అన్నట్టు, ఆ బెంగళూరు ఇంజనీరు నెంబరు యాడ పారేసుకున్నానో దొరకడం లేదప్పా అన్నారు. సోల్డర్ మామ నా వైపు చూసి ఒక కన్ను గీటాడు. "దొరకదులే సేటూ. దొరికినా ఫోను ఎత్తడు" అన్నాడు. అంతే, నా నియామకం అలా జరిగింది. ఆ తర్వాత మేము సొంతంగా చేయించిన ప్రతి బోర్డు మీదా ఒక మూల ఖాళీగా చిన్న గుండ్రటి చోటు వదిలించాను. తీగ పోదు, భాగం ఉండదు, శెట్టిగారి వేలికి సరిపోయే వెడల్పు. కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ గుండ్రానికి వేలు పెట్టి, దీని ప్రయోజనమేమిటని అడిగాడు. రాయలసీమ వాతావరణానికి తప్పనిసరి అని చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

ఇప్పుడు నేను చేస్తున్నదీ ఆ పనే, కాకపోతే బోర్డులు పదుల్లో ఉంటాయి. ఒక ఉదాహరణ రాసి పంపితే ఎక్కడో ఉన్న కంప్యూటర్లు అన్ని రకాల బోర్డులకూ వాటంతటవే బిల్డ్ చేసి, తెర మీద పచ్చటి గుర్తులు వరసగా పెట్టేస్తాయి. అన్నీ పచ్చగా వస్తే చూసి, కాఫీ తాగి, తర్వాతి పనిలో పడతాను. అలాంటప్పుడు ఒక్కోసారి, నందికొట్కూరు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం నేనెక్కిన కోడుమూరు బస్సు గుర్తొస్తుంది. పక్క సీట్లో ఎవరో పెద్దామె, ఒళ్లో ఉల్లిగడ్డల సంచి. ఆమెతో నాకు ముందు పరిచయం లేదు, తర్వాతా కాలేదు. బస్సు కదిలినప్పటి నుంచి మొదలుపెట్టి నీలం బోర్డు, నల్ల బోర్డు, వెయ్యి చిల్లర, నాలుగువేల చిల్లర, నూటికి ఎంత, అంతా ఆమెకు చెప్పాను. ఆమె మధ్యమధ్యలో ఊ కొట్టింది. దిగేటప్పుడు సంచి ఎత్తుకొని, "నాకేం తెలియలేదు గానీ పాపా, నువ్వు చెప్తాంటే శానా బాగుండాది" అని నా తల మీద చెయ్యి పెట్టి దిగిపోయింది. ఆమె దిగిపోయిందన్నది నాకు కాసేపటిదాకా తట్టలేదు. ఖాళీ సీటుకు ఇంకా చెబుతూనే ఉన్నాను. ఖాళీ సీటుతో మాట్లాడిన ఆ పిల్ల ఇప్పుడు నా పక్కన కూర్చుంటే, ఒక్క మాటా ఆపకుండా కోడుమూరు దాకా ఊ కొడతాను.